పది పేర్ల దూరంలో పిడుగు

పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే మా ఆవిడ నన్ను "కరెంటు ఆఫీసులో చేసి రిటైరైనారు" అని పరిచయం చేస్తుంది. అది నిజం కాదు. అయితే నిజం చెప్పాలంటే అరగంట పడుతుంది, ఆలోగా విస్తర్లు ఎత్తేస్తారు. అందుకని నేనూ తల ఊపి ఊరుకుంటాను. నిజమేమిటంటే, సర్వీసులో చివరి పన్నెండేళ్ళు పిడుగులు ఎక్కడ పడ్డాయో వెతుక్కుంటూ తిరిగాను.

పోయిన ఏడాది రిటైరై హిందూపురంలో ఇంటిపట్టున ఉన్నాను. ఆ పనిలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు ఫోను చేసి సాఫ్ట్‌వేరు గురించి అడుగుతారు. అది నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నాకు తెలిసింది చెట్లు, మిద్దెలు, మనుషులు. వాటి గురించే ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ళ సంగతి రాయను. రాసినా మీరు చదవరు, నేనైనా చదవను.

అసలు పని

పాత రేడియో వినేటప్పుడు ఎక్కడో మెరుపు మెరిస్తే పాట మధ్యలో గరగరమని చప్పుడు వచ్చేది, గుర్తుందా? మా యాంటెనాలు వినేది ఆ గరగరనే. హిందూపురంలో ఒకటి, పెనుకొండలో ఒకటి, ధర్మవరంలో ఒకటి, ఇంకా చుట్టుపక్కల జిల్లాల్లో కొన్ని. పిడుగు పడగానే ఆ చప్పుడు ఒక్కో యాంటెనాకు ఒక్కో సమయానికి చేరుతుంది. దగ్గరిదానికి ముందు, దూరందానికి తర్వాత. ఆ తేడాలను బట్టి పిడుగు ఎక్కడ పడిందో లెక్కగట్టి మిషను మ్యాపు మీద చుక్క పెడుతుంది. సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క తేడా వచ్చినా లెక్క మూడు వందల మీటర్లు పక్కకు పోతుంది.

చుక్క పెట్టడం మిషను పని. ఆ చుక్క నిజమైన చోటికి ఎంత దూరంలో ఉందో కొలవడం నా పని. దానికి పిడుగు నిజంగా ఎక్కడ పడిందో ముందు తెలియాలి. అక్కడే చిక్కంతా. పిడుగు అడ్రసు చెప్పి పడదు. కాబట్టి వాన వెలిసిన మర్నాడు జీపు వేసుకుని, టేపూ, జీపీఎస్సూ పట్టుకుని, కాలిన చెట్టు ఏదైనా ఉందా అని ఊరూరా అడుక్కుంటూ పోవాలి.

జీపు డ్రైవరు బాషా. హిందూపురం మనిషి, బంగారం లాంటివాడు. మొదటి వారంలోనే నేనొక పొరపాటు చేశాను. పిడుగులు పడేటప్పుడు జీపులో కూర్చోవడం మంచిదని అతనితో అన్నాను. ఆ రోజు నుంచి నేను రిటైరయ్యేదాకా, ఆకాశంలో చెయ్యంత మబ్బు కనబడితే బాషా జీపు దిగలేదు. భోజనం జీపులో, కునుకు జీపులో. ఒకసారి టైరు పంక్చరైతే లోపల కూర్చునే నాకు వివరంగా చెప్పి, నాచేతనే మార్పించాడు. ఎవరికైనా జాగ్రత్త చెప్పేటప్పుడు అది ఎంతవరకో కూడా చెప్పడం మంచిదని నాకప్పుడు అర్థమైంది.

సాక్షులు

పిడుగు ఎక్కడ పడిందని ఊళ్ళో అడిగితే ప్రతివాడూ "నా కండ్ల ముందరే" అంటాడు. ఆ కండ్లు అప్పుడు మూసుకుని ఉన్నాయని మాత్రం ఎవరూ చెప్పరు. ఒకే పిడుగుకు నాకు ఒక ఊళ్ళో ఏడు చోట్లు చూపించారు. ఏడుగురూ ప్రమాణం చేయడానికి సిద్ధమే. పైగా తమ పొలంలో పడకుండా పక్కవాడి పొలంలో పడిందంటే కొందరికి చిన్నతనం.

వీళ్ళకంటే ప్రమాదం మంచివాళ్ళతో. లేపాక్షి దగ్గర ఒక పెద్దాయన నాకు మజ్జిగ ఇచ్చి, ఎండలో రెండు మైళ్ళు నడిపించి, కాలిన వేపచెట్టు చూపించాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని కొలతలన్నీ తీసుకున్నాక, ఇది నిన్నటి వానకే కదా అని అడిగాను. కాదట, మూడేళ్ళ కిందటిదట. మరి ఎందుకు చూపించావంటే, ఇంత దూరం వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో పోతే ఊరికి బాగుండదని చూపించాడట. అతని మీద నాకు కోపం రాలేదు. మజ్జిగ అంత బాగుంది.

నడిచిన కొబ్బరిచెట్టు

ఇప్పుడు నా పరువు పోయిన సంగతి. పనిలో చేరిన రెండో ఏడాది పెనుకొండ దారిలో ఒక తోట దగ్గర కొబ్బరి మొద్దు కనబడింది. పైనుంచి కిందిదాకా నల్లగా చీలి, కాలవకు అడ్డంగా పడి ఉంది. పిడుగు దెబ్బ అని చూడగానే తెలుస్తోంది. పడింది కూడా ముందురోజేనని తోటవాళ్ళు చెప్పారు. కొలిచాను. మా మ్యాపు మీది చుక్కకూ దానికీ ఒకటిన్నర కిలోమీటరు తేడా. నాకు భలే సంతోషమైంది, మిషను తప్పు పట్టుకున్నానని. రిపోర్టు రాసి హైదరాబాదు పంపాను.

హైదరాబాదులో మా పై అధికారి రఘోత్తమరావు గారు. ఆయన గురించి తర్వాత చెబుతాను. ఆయన స్వయంగా దిగారు, చూడాలని. మేం కాలవ దగ్గర నిలబడి ఉంటే ఒక రైతు ఆ మొద్దు మీదుగా అవతలి గట్టు నుంచి నింపాదిగా నడిచి వచ్చాడు. ఈ చెట్టు ఇక్కడే పడిందా అని రావు గారు అడిగారు. లేదు సామీ, పడింది ఆ పైతోటలో, కాలవ దాటేదానికి బాగుంటుందని నలుగురం మోసుకొచ్చి వేసుకున్నామన్నాడు. పైతోట ఒకటిన్నర కిలోమీటరు. మా చుక్క సరిగ్గా అక్కడే ఉంది.

రావు గారు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఫైల్లో నా రిపోర్టు పక్కన "చెట్టు నడిచింది" అని రాసి సంతకం పెట్టారు. ఆ తర్వాత నేను ఏ రిపోర్టు పంపినా ఆయన ఫోను చేసి మొదట అడిగే మాట "ఈ చెట్టుకు కాళ్ళున్నాయా?"

మొద్దును చూసి మోసపోవద్దు, మొదలు ఎక్కడుందో చూడండి. చెట్టుకైతే వేర్లు, స్తంభానికైతే పునాది. ఇంత చిన్న విషయం నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే మీకు చెబుతున్నాను.

మా రావు గారు

లెక్కల్లో ఆయనంతటివాణ్ణి నేను చూడలేదు. బూట్లకు మట్టి అంటకుండా జిల్లా అంతా తిరగగలవాణ్ణి కూడా చూడలేదు. మిషను అబద్ధం చెప్పదు, మనుషులు చెబుతారు అనేది ఆయన సిద్ధాంతం. నేను తెచ్చిన సాక్షులను చూస్తే ఆ సిద్ధాంతం ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. ఆయనకు ఇష్టమైన మాట "సగటు". ఏది అడిగినా సగటున బాగానే ఉందనేవారు. ఒకసారి మేం తిన్న హోటల్లో చట్నీ గురించి కూడా అదే మాటన్నారు.

మిగతావి ఎలా ఉన్నా, తప్పు తేలినప్పుడు దాన్ని కిందివాడి నెత్తిన వేసేవారు కాదు. అది ఎంత పెద్ద గుణమో నాకు తర్వాత తెలిసింది.

లచ్చుమవ్వ మూడో పేరు

పెనుకొండ కొండ కింద ఒక చిన్న పల్లె. అక్కడ లచ్చుమవ్వ అనే ముసలామె, ఆమె కొడుకు నరసింహులు ఉండేవాళ్ళు. నరసింహులు రోజూ గొర్రెలను కొండ మీదికి తోలుకుపోయి సాయంత్రానికి దింపేవాడు. మా యాంటెనాల లెక్కతో గొర్రెల కాపర్ల ఫోన్లకు మెసేజీలు పోయేవి, మీ ఊరికి ఇన్ని కిలోమీటర్ల దూరంలో పిడుగులు పడుతున్నాయని. దూరమైతే మేపుకుంటారు, దగ్గరైతే దిగివస్తారు. నరసింహులు ఆ మెసేజీని చాలా నమ్మేవాడు. అది మాకు గొప్పగా ఉండేది.

ఒక వేసవిలో, మధ్యాహ్నం మబ్బు పట్టింది. నాలుగు కిలోమీటర్లని మెసేజీ వచ్చింది. నరసింహులు నింపాదిగా మేపుకుంటూ ఉండిపోయాడు. కేకేస్తే వినబడే దూరంలో చింతచెట్టు రెండుగా చీలింది. అతనికి ఏమీ కాలేదు. ఆ సాయంత్రమంతా చెవులు వినబడలేదు, గొర్రెలు చెదిరిపోయి చీకటి పడేదాకా ఒక్కొక్కటే ఇల్లు చేరాయి. అంతే. అంతేనని రాయడానికి ఇప్పుడు కూడా నాకు చెయ్యి రావడం లేదు, ఎందుకంటే అతను పది నిమిషాల ముందు ఆ చెట్టు కిందే సద్ది తిన్నాడు.

మర్నాడు పోయాను. మొదట చెట్టు చూశాను. వేర్లతో సహా నేలలోనే ఉంది, ఎక్కడికీ నడవలేదు. తర్వాత పల్లెలోకి దిగితే లచ్చుమవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను ఆ పక్కన అందరూ పిడుగు సారు అనేవాళ్ళు.

"ఏమప్పా పిడుగు సారూ," అంది. "మీ ఫోను నాలుగు కిలోమీటర్లు అనె. నాకు మూడో పేరు కాడనే ఉరిమె. ఎవురిది నమ్మాల?"

మూడో పేరు అంటే ఏమిటని అడిగాను. ఉరిమేటప్పుడు పిడుగు మీద పడకూడదని మన పెద్దవాళ్ళు పది పేర్లు చదువుకుంటారే, అవి. అందరూ ఉరిమాక చదువుతారు. లచ్చుమవ్వ మాత్రం మెరవగానే మొదలుపెట్టేది, ఉరిమేదాకా చదివేది. ఎన్నో పేరు దగ్గర ఉరిమితే పిడుగు అంత దగ్గర. పదీ పూర్తయ్యేలోగా ఉరమకపోతే దూరమని లెక్క. అప్పుడు ఆకూ వక్కా నోట్లో వేసుకునేది.

అరుగు మీదే లెక్క వేశాను. మెరుపు కంటికి వెంటనే కనబడుతుంది, ఉరుము కిలోమీటరు దాటి రావడానికి మూడు సెకన్లు పడుతుంది. ఆమె చేత ఒకసారి చదివించి గడియారం చూశాను. సెకనుకు ఒక పేరు. మూడో పేరంటే కిలోమీటరు. ఇంటి నుంచి చింతచెట్టుకు కొలిచాను. కిలోమీటరుకు నాలుగడుగులు తక్కువ.

తిరిగి వచ్చి చెబితే ఆమె ఆశ్చర్యపడలేదు. ఆమెకు అది కొత్త సంగతి కాదు. ఆమెకు కావలసింది వేరే.

"రేపు మళ్ళా మబ్బు పడతాది," అంది. "మీ ఫోను చూసి నా కొడుకును కొండకు పంపాల్నా, వద్దా? అది చెప్పిపో."

అన్ని ఏళ్ళ ఉద్యోగంలో నన్ను అంత సూటిగా అడిగినవాళ్ళు లేరు. నేను వచ్చి చెప్పేదాకా ఫోను చూడొద్దు, మబ్బు కనబడితే దిగిపో అని నరసింహులుకు చెప్పాను. పల్లెలో మిగతా కాపర్లకూ చెప్పాను. మా మిషన్ని నమ్మొద్దని నేనే చెప్పడం అదే మొదటిసారి.

కొడుకు ఇంట్లో, కొడుకు కొండపైన

రావు గారికి ఫోను చేశాను. మొదట చెట్టుకు కాళ్ళున్నాయా అని అడిగారు. లేవని చెప్పాను. సాక్షి ఎవరన్నారు. డెబ్భై దాటిన ముసలామె అన్నాను. ఆమె వాడిన పరికరం ఏమిటన్నారు. పది పేర్లన్నాను. తర్వాత చాలా మర్యాదగా, ఒక చెట్టు, ఒక ముసలామె సగటుకు చాలరు, ఇంకా కొలతలు తెమ్మన్నారు.

తెచ్చాను. మూడు వారాల పాటు మబ్బు పట్టిన ప్రతి మధ్యాహ్నం లచ్చుమవ్వ అరుగు మీద నేను, వీధిలో జీపులో బాషా. మెరిస్తే ఆమె చదివేది, నేను ఎన్నో పేరు దగ్గర ఉరిమిందో రాసుకునేవాణ్ణి. మెరుపులు లేనప్పుడు ఆమె నాతో వేరుశెనక్కాయలు ఒలిపించుకునేది. ఆ మూడు వారాల్లో ప్రభుత్వ జీతం మీద నేను ఒలిచిన కాయలు ఒక బస్తాకు తక్కువుండవు.

మొదటి వారం ఆమె పేర్లు గడియారంతో ముత్యాల్లా కుదిరాయి. రెండో వారం పరికరం చెడిపోయింది. గడియారం ప్రకారం రెండు సెకన్లకే ఉరిమినా ఆమె నాలుగో పేరులో ఉండేది. మర్నాడు మళ్ళీ బాగుండేది. ఆ మర్నాడు మళ్ళీ చెడేది. నాకేమీ పాలుపోలేదు. ఎండ వల్లా, ఆకూ వక్క వల్లా, మధ్యాహ్నం ముద్ద తినడం వల్లా అని అన్నీ రాసి చూశాను. ముద్దకూ పిడుగుకూ ఏ సంబంధమూ తేలలేదు.

చివరికి గమనించింది బాషా, జీపులోంచే. గొర్రెల దొడ్డి ఖాళీగా ఉన్న రోజుల్లోనే అవ్వ తొందరపడుతోందన్నాడు. నోట్‌బుక్కు తిప్పి చూస్తే నిజమే. నరసింహులు ఇంట్లో ఉన్న రోజు సెకనుకు ఒక పేరు. మబ్బు చూసి అతను ఇంకా దిగిరాని రోజు సెకనుకు రెండు.

ఎందుకవ్వా అని అడిగాను. ఆమె నన్ను తెలివి తక్కువవాణ్ణి చూసినట్టు చూసింది.

"కొడుకు కొండ మింద ఉంటే నిదానంగా ఎట్ల చదువుతారప్పా? ఉరిమేలోపల పదీ ముగిస్తే, పిడుగు దూరమైనట్టే కదా."

చింతచెట్టు చీలిన నాడు మాత్రం ఫోను నాలుగు కిలోమీటర్లందని నమ్మి నిదానంగా చదివిందట. నోట్‌బుక్కులో రెండు నిలువు గీతలు గీసి ఒక వరసకు "కొడుకు ఇంట్లో" అనీ, రెండో వరసకు "కొడుకు కొండపైన" అనీ పేరు పెట్టాను. రెండో వరసలో పేర్లను సగం చేసి లెక్కవేశాను. అప్పుడు అన్నీ కుదిరాయి. ఆ పట్టిక ఉన్నదున్నట్టు హైదరాబాదు పంపాను. రావు గారు ఫోను చేసి, ఈ శీర్షికలు ఇలాగే ఉండాలా అని అడిగారు. ఇలాగే ఉండాలన్నాను.

పట్టిక వల్ల తేలింది ఒక్కటే. ధర్మవరం యాంటెనాను లెక్కలోంచి తీసేస్తే అవ్వ చెప్పే దూరమూ మిషను చెప్పే దూరమూ దాదాపు కలుస్తున్నాయి. చేరిస్తే చుక్క రెండు మూడు కిలోమీటర్లు పక్కకు జరుగుతోంది.

ధర్మవరం మిద్దె

ధర్మవరంలో మా యాంటెనా కట్టిన స్తంభం, అక్కడివాళ్ళ మాటలో కంబం, నాగభూషణం అనే చేనేత ఆయన మిద్దె మీద ఉండేది. కింద నాలుగు మగ్గాలు, పైన మా కంబం, ఆయనకు దాన్ని చూసి గర్వం. ప్రతి నెలా ఫోను చేసి కంబం బాగుందా అని అడిగేవాణ్ణి. బాగుండాది సార్ అనేవాడు. నేను తనిఖీ కాగితంలో "బాగుంది" అని రాసేవాణ్ణి. నేను స్వయంగా పోయి చూసి ఎనిమిది నెలలైంది.

ఆ రోజు చెప్పకుండా పోయాను. టిఫిను పెట్టి, కొత్తగా నేస్తున్న చీర చూపించి, ఆ తర్వాత మిద్దె ఎక్కించాడు. కంబం ఉండవలసిన మూలలో తులసి కుండీ ఉంది.

కంబం ఏదప్పా అన్నాను.

"బ్రమ్మాండంగా ఉండాది సార్. మా బావమరిది మిద్దె మింద," అన్నాడు నాగభూషణం, ఏమాత్రం తడుముకోకుండా. "మా ఇంటికి ఈశాన్యంలో బరువు ఉండకూడదని వాస్తు ఆయన చెప్పె. మా బావమరిది ఇంటికేమో నైరుతిలో ఎత్తు లేదని చెప్పె. ఒక్క కంబంతో రెండిండ్లూ బాగైపోయె."

ఆ బావమరిది ఇల్లు ఊరికి ఆ చివర. రెండు కిలోమీటర్ల పైమాటే. ఎలక్ట్రీషియన్ను పెట్టి వైర్లు, ఇంటర్నెట్టు అన్నీ చక్కగా కలిపించాడు. పని మా వాళ్ళకంటే శుభ్రంగా ఉంది. కంబానికి తగిలించిన, పచ్చ లైటు ఉండే మా పెట్టె తన దగ్గరున్న ఖచ్చితమైన గడియారంతో సమయాన్ని సరిగ్గానే పంపుతోంది. కానీ అది ఎక్కడుందో మేం మొదటి రోజు టైపు చేసి వదిలేశాం. ఎనిమిది నెలలుగా అది బావమరిది మిద్దె మీద నుంచి వింటూ, నాగభూషణం మిద్దె మీద నుంచి వింటున్నట్టు చెబుతోంది. చెట్టు నడవలేదు గానీ కంబం నడిచింది.

నాకు ఎందుకు చెప్పలేదని అడిగాను. అతను నిజంగా నొచ్చుకున్నాడు.

"పచ్చ లైటు వెలుగుతాంటే చాలని మీరే కదా సార్ చెప్పిండేది. అది ఒక్క దినం కూడా ఆరలేదు. అయినా పైనుంచి పడే పిడుగుకు మా మిద్దె అయితేనేం, వాళ్ళ మిద్దె అయితేనేం?"

తప్పు ఎవరిది? ఆలోచిస్తే నాదే. పచ్చ లైటు చూసుకోమని చెప్పాను, ఎక్కడ చూసుకోవాలో చెప్పలేదు. ప్రతి నెలా బాగుందా అని అడిగాను, ఎక్కడుందని ఒక్కసారీ అడగలేదు. ఫోనులో తనిఖీ చేసి చూసినట్టు సంతకం పెట్టాను. ఆ సంతకాల కింద నరసింహులు గొర్రెలు మేపుకున్నాడు. బాషా జీపు నడుపుతుంటే హిందూపురం దాకా నేను పెట్టిన ఆ సంతకాలను వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వచ్చాను.

కంబాన్ని వెనక్కి తెద్దామంటే బావాబావమరుదుల మధ్య గొడవలయ్యేట్టున్నాయి. అందుకని కొత్త చోటు కొలిచి, టైపు చేసి, అక్కడే వదిలేశాం. ఇప్పటికీ అక్కడే ఉంది. బావమరిది ఇంటికి నైరుతి బాగా కలిసొచ్చిందని విన్నాను.

రావు గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎనిమిది నెలల లెక్కలు తప్పని పైవాళ్ళకు ఉత్తరం ఆయనే రాశారు. నా పేరు ఎక్కడా లాగలేదు. కారణం అన్నచోట వాస్తు అని రాయడానికి చెయ్యి రాక, "ఇంటి యజమాని నిర్మాణ అవసరాలు" అని రాశారు.

అరుగు మీద పరీక్ష

సరిచేసిన లెక్కను తన కళ్ళతో చూస్తానని రావు గారు వచ్చారు. పరీక్ష లచ్చుమవ్వ అరుగు మీద. నరసింహులును ఆ పూట గొర్రెలను దొడ్డిలో పెట్టి ఇంట్లోనే ఉండమని బతిమాలాను. ఎందుకని రావు గారు అడిగితే, అతను గడపలో కూర్చుంటేనే పరికరం సరిగ్గా పనిచేస్తుందని చెప్పాను. రావు గారు దాన్ని కూడా రాసుకున్నారు.

మూడు గంటలకు మబ్బు కమ్మింది. రావు గారి ఒక చేతిలో గడియారం, రెండో చేతిలో మ్యాపు ఉన్న ఫోను. మెరిసింది. అవ్వ చదవడం మొదలుపెట్టింది. ఆరో పేరు దగ్గర ఉరిమింది. రెండు కిలోమీటర్లన్నాను. ఫోనులో చుక్క రెండు కిలోమీటర్ల దగ్గర వచ్చింది. మళ్ళీ మెరిసింది. తొమ్మిదో పేరు. చుక్క మూడు దగ్గర. రావు గారి ముఖం విప్పారింది. సగటున బాగుంది అన్నారు.

మూడో మెరుపుకు అరుగంతా తెల్లబడింది. అవ్వ మొదలుపెట్టింది. ఆమెతోబాటు ఇంకో గొంతు మొదలైంది, ఇంకా గట్టిగా, చాలా వేగంగా. చూస్తే రావు గారు. గడియారం కింద పడేసి, కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ జోడించి చదువుతున్నారు. అవ్వ రెండో పేరులో ఉండగా ఉరిమింది. రావు గారు అప్పటికి ఐదో పేరులో ఉన్నారు.

జీపులోంచి బాషా కిటికీ అద్దం పూర్తిగా ఎక్కించిన చప్పుడు వినబడింది.

"ఈ సారుకు కూడా పేర్లన్నీ వస్తాయే," అంది లచ్చుమవ్వ. తర్వాత నా వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పప్పా. ఫోను చూసి పంపాల్నా, వద్దా?"

నేను రావు గారి వైపు చూశాను. ఆయన బూట్లకు అంటిన మట్టి దులుపుకుంటూ, చెప్పమన్నట్టు తల ఊపారు.

"పంపు అవ్వా," అన్నాను. "అయితే నువ్వు పేర్లు చదవడం మానొద్దు."

ఆమె లోపలికి పోయి ముగ్గురికీ మజ్జిగ తెచ్చింది. నాలుగోది నరసింహులు జీపు దగ్గరికి తీసుకుపోయి అందించాడు. రావు గారు ఆ పరీక్ష రిపోర్టులో తన ఐదో పేరు సంగతి రాయలేదు. నేనూ రాయలేదు. ఆ తర్వాత ఆయన నన్ను చెట్టు కాళ్ళ గురించి అడగడం మానేశారు.

చివరగా

కొత్తగా చేరేవాళ్ళకు చెప్పేది ఇదే. కొలిచే ప్రతిదానికీ ఎటో ఒకవైపు ఒరిగే గుణం ఉంటుంది. యాంటెనాకు ఉంటుంది, సాక్షికి ఉంటుంది, మీకూ ఉంటుంది. అది లేదని కొట్టెయ్యకండి. ఎటు ఒరుగుతుందో, ఎప్పుడు ఒరుగుతుందో కనుక్కుని పట్టికలో రాయండి. తనిఖీకి స్వయంగా పోండి. పోయి పచ్చ లైటు కంటే ముందు కంబం ఉందో లేదో చూడండి.

మొన్న మా ఆవిడ లేపాక్షిలో వాళ్ళ చెల్లెలి ఇంటికి పోయి సాయంత్రం స్కూటరు మీద తిరిగొస్తోంది. దారి మధ్యలో ఉండగా మబ్బు కమ్మింది. నేను వాకిట్లో కుర్చీ వేసుకుని ఫోను చూశాను. చుక్కలన్నీ దూరంగానే ఉన్నాయి. ఆ చుక్కలు ఎంత నిజమో నాకంటే తెలిసినవాళ్ళు ఈ జిల్లాలో లేరు. అంతలో పెద్ద మెరుపు మెరిసింది. ఫోను ఒళ్ళో పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను.

పదీ పూర్తయ్యాకే ఉరిమింది. కాసేపటికి స్కూటరు లోపలికి వచ్చింది. మా ఆవిడ తడిసిన కొంగు పిండుకుంటూ, ఏంది ఒక్కరే గొణుక్కుంటాండారు అని అడిగింది. ఏమీ లేదు, పిడుగులు దూరంగానే ఉన్నాయి అన్నాను.

గడియారం నా చేతికే ఉంది. పది పేర్లకు ఎన్ని సెకన్లు పట్టిందో మాత్రం చూసుకోలేదు.